తాయమ్మ వెనకాల బెంచీ

తాయమ్మ పొద్దున్నే లేచి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, ఆ పైన తడిగుడ్డతో బెంచీని తుడిచేది. ఆండర్సన్‌పేటలో గాలి లేస్తే చాలు, గనుల్లో బంగారం తీసేసి పోసిన సైనైడ్ దిబ్బల బూడిద వచ్చి అన్నిటి మీదా కూర్చుంటుంది. తుడవడం అయినాక నాయనకు రాగి గంజి ఇచ్చి, మొగుడు చౌడప్పకు సంగటి క్యారియర్ కట్టి, తాను ఆయాగా పని చేసే అంగన్‌వాడికి బయలుదేరేది. బెంచీ వెనకాలే వచ్చేది. రాళ్ళు పరిచిన సందులో దాని కాళ్ళు టక్కు టక్కుమంటా ఉంటే కుక్కలు తలెత్తి చూసి, తాయమ్మే కదా అని మళ్ళీ పడుకొనేవి.

కూర్చునే పలక, రాసుకొనే వాలు బల్ల రెండూ ఒకే చట్రానికి బిగించిన పాతకాలం బడి బెంచీ అది. బల్ల మీద ఇంకు బుడ్డి పెట్టుకొనే గుంతలో తాయమ్మ పిన్నీసులు వేసుకొనేది. బస్సెక్కితే కండక్టరు దాన్ని వెనక తలుపు పక్కన నిలబెట్టమనేవాడు. ఆమె పెండ్లిలో అది కూడా ఏడడుగులూ నడిచింది. ఫోటోల్లో చౌడప్ప మోచేతి కింద దాని మూల ఒకటి కనిపిస్తుంది. చౌడప్ప బెంగళూరులో సెక్యూరిటీ పని చేస్తాడు. రోజూ పోయే రైల్లో తోటివాళ్ళు సీటు దొరకలేదని గొణిగితే, మా ఇంట్లో సీటు మేం పోయిన చోటికంతా వస్తాదప్పా అని నవ్వించేవాడు.

ఆ బెంచీ తాయమ్మ వెంటబడింది ఆమె ఐదో క్లాసులో ఉన్నప్పుడు.

అప్పటికి గనులు సర్కారువి అయిపోయినాయి. ఆమె నాయన వెంకటరమణప్ప రాయల్పాడు పక్క నుంచి వచ్చి గని లోపల రాళ్ళకు బెజ్జాలు వేసే పనిలో చేరినాడు. షిఫ్టు ముగించుకొని పైకి వచ్చినోళ్ళంతా గేటు దగ్గర రెండు చేతులూ ఎత్తి నిలబడాల. కాపలా మనిషి చంకలూ నడుమూ తడిమి, బంగారు రాయి ఏదీ దాచలేదని చూసుకొని, భుజం తట్టి "పాస్ ఔట్" అనేవాడు. ఆ మాట చెవిన పడితే ఆ దినం పని ముగిసినట్టు, ప్రాణంతో ఇంటికి పోతా ఉన్నట్టు. వెంకటరమణప్పకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో అంతకన్నా మంచి మాట లేదు.

ఒక పొద్దు తాయమ్మ గంజి తాగకుండా బడికి పోయింది. ఎక్కం అప్పజెప్తా అప్పజెప్తా కండ్లు తిరిగి బెంచీ మీదనే ఒరిగిపోయింది. మిస్సమ్మ ఆమె మొహాన నీళ్ళు చల్లి, నలుగురు పెద్ద క్లాసు పిల్లకాయల చేత బెంచీతో సహా ఇంటికి మోయించింది. ఆ మిస్సమ్మకు తెలుగు రాదు. నాయనకు కూడా చెప్పాలని తానే గేటు దాకా పోయింది. వెంకటరమణప్ప అప్పుడే చేతులు ఎత్తి నిలబడి ఉన్నాడు. మూర్ఛపోయిందనే అర్థంతో, మీ డాటర్ పాస్డ్ ఔట్ అని ఆమె చెప్పింది.

ఆయన చేతులు దించడం కూడా మరిచిపోయినాడు. తన కూతురు చదువు ముగించింది. తాను రోజూ గేటు దాటినట్టు, పిల్ల బడి దాటేసింది. షిఫ్టువాళ్ళందరికీ కమ్మరకట్టు బెల్లం మిఠాయిలు పంచి, మిగిలినవి పంచె కొంగున కట్టుకొని ఇంటికి వచ్చినాడు. వాకిట్లో బెంచీ మీద తలకు తడిగుడ్డ వేసుకొని పడుకున్న బిడ్డను చూసి, శానా చదివినాదిలే పాపం, అలిసిపోయినాది అన్నాడు.

తల్లి గంగులమ్మకు సంగతి తెలుసు. కానీ చంకలో పసిబిడ్డ, కాళ్ళ దగ్గర ఇంకొకడు, కొళాయి కాడ నీళ్ళ వరస. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆమెకు ఊపిరాడుతుంది. ఆమె నోరు తెరవలేదు. తాయమ్మ మళ్ళీ బడికి పోలేదు.

బెంచీని మాత్రం బడికి పంపినారు. సాయంత్రానికి అది తిరిగి వచ్చి వాకిట్లో నిలబడింది. మళ్ళీ పంపినారు, మళ్ళీ వచ్చింది. బడి పెద్ద అయ్యవారు వచ్చి చూసి, పిల్ల చదువు మధ్యలో ఉండాది, అది ముగిసేదాకా ఇది నిలవదమ్మా అని చెప్పి, కాఫీ తాగి పోయినాడు.

ఆ తరవాత గనులు మూతబడినాయి. గేటు తుప్పు పట్టింది. పాస్ ఔట్ అనే మాట మాత్రం పేటలో తిరుగుతానే ఉండాది. ఎదురింటి పిల్లవాడు ఇంజనీరింగు పాస్ ఔట్. ఆటో స్టాండులో తాగి పడినోడు కూడా పాస్ ఔటే. గంగులమ్మ పోయినాక కూతురి ఇంటికి వచ్చి ఉన్న వెంకటరమణప్ప, అరుగు మీద దగ్గుకొంటా కూర్చొని, దారిన పోయేవాళ్ళకంతా మా తాయి ఎప్పుడో పాస్ ఔట్ అయినాదప్పా అని చెప్పేవాడు. తాయమ్మ లోపల సంగటి గెలుకుతా విని, గెంటె ఇంకా గట్టిగా తిప్పేది.

అంగన్‌వాడి టీచరు లక్ష్మీదేవమ్మ రిటైరు అయ్యే కాలం దగ్గరికి వచ్చింది. ఒక దినం తనిఖీకి వచ్చిన సూపర్‌వైజర్ మేడం, ఆయాకు పది పాసుంటే ఆ పని ఆమెకే ఇవ్వొచ్చు అనింది. తాయమ్మ వైపు తిరిగి, మీరు ఏ సంవత్సరం పాస్ ఔట్ అని అడిగింది.

తాయమ్మకు కొత్తవాళ్ళ ముందు గొంతు లేవదు. పైట కొన చుట్టుకొంటా, "ఐదో క్లాసులోనే అయినాను మేడం. బెంచీ మీదనే," అనింది.

వెనక బెంచీ ఒక కాలు నేలకేసి కొట్టింది. లక్ష్మీదేవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. మేడం పోయినాక, "నువ్వట్ల మూర్ఛపోయిన సంవత్సరం చెప్తే పని ఇస్తారా తాయీ?" అని పగలబడి నవ్వింది. తాయమ్మ నవ్వలేదు. పిల్లల చాపలు చుట్టి మూలన నిలబెట్టి వచ్చి, "అక్కా, ఆ పది నేను రాస్తాను," అనింది.

"ఇంగ్లీషు కూడా ఉండాది మే."

"ఉండనీ."

చదువంతా అంగన్‌వాడిలోనే. పిల్లలు అన్నం తిని నిద్రపోయే వేళ తాయమ్మ బెంచీ మీద కూర్చుంటే, లక్ష్మీదేవమ్మ పక్కన ఒదిగి పాఠం చెప్పేది. ఇంట్లో పుస్తకం తెరవలేదు. తెరిస్తే నాయన చూస్తాడు. చూస్తే, ఇన్నాళ్ళూ తాను అరుగు మీద చెప్పుకొన్నది ఏమిటని ఆయనకు తెలిసిపోతుంది. ఆ ముసలి గుండెలో ఇంకేమీ మిగలదని ఆమె భయం. చౌడప్పకు చెప్పింది. నీకు పది వచ్చేలోపల నాకు డెబ్బై వస్తాయి కదే అన్నాడు ఆయన. కానీ ఆ వారమే బెంగళూరు నుంచి పాత గైడు ఒకటి కొనుక్కొచ్చి, మాటాడకుండా ఆమె సంచిలో పెట్టినాడు.

మొదటి తూరి ఇంగ్లీషు ఒక్కటి పోయింది. రిజల్టు వచ్చేదాకా ఆగే పని కూడా లేకపోయింది. పరీక్ష హాలు నుంచి ఆమె బయటికి అడుగు పెట్టకముందే బెంచీ లేచి వెంట నడిచింది. ఆ పొద్దు దారి పొడుగునా దాని టక్కు టక్కు ఆమె నెత్తిన సుత్తిదెబ్బల మాదిరి పడింది. అయినా ఇంటికి వచ్చి, తడిగుడ్డ పిండి, దాన్ని ఎప్పటి మాదిరే తుడిచింది. మరునాడు లక్ష్మీదేవమ్మను మొదటి పాఠం నుంచి చెప్పమనింది.

రెండో తూరికి లక్ష్మీదేవమ్మ రిటైరుమెంటు ముంగిట్లోకి వచ్చేసింది. ఇప్పుడు తప్పితే ఆ కుర్చీలోకి వేరే మనిషి వస్తుంది.

ఇంగ్లీషు పరీక్ష దినం, రాబర్ట్‌సన్‌పేటలో పోలియో మీటింగు ఉండాదని నాయనకు చెప్పింది. భయానికి రెండు ముద్దల సంగటి కూడా తినలేదు. ముసలాయన అరుగు మీద వంగి, బెంచీ కాళ్ళ కీళ్ళకు ఆముదం పూస్తా ఉన్నాడు. కిర్రుమంటా ఉండాది, మీటింగులో నలుగురూ చూస్తారు అన్నాడు.

హాల్లో సారు బెంచీని చూసి, చాక్‌పీసుతో దాని మీద ఆమె నంబరు వేసి, గోడ వార నిలబడమన్నాడు. అది పోయి నిలబడింది. తాయమ్మ దాని మీద కూర్చొని రాయసాగింది. ఫ్యాను తిరిగినా గాలి రాదు. రేకుల కప్పు నుంచి సెగ దిగుతా ఉంది. చివరి పేజీలో ఒక ప్రశ్న: పాస్ ఔట్ అనే మాటను సొంత వాక్యాల్లో వాడండి. వేరే అర్థాలుంటే అవీ చూపండి.

మా నాయన రోజూ గని గేటులో పాస్ ఔట్ అయ్యేవాడు అని తనకొచ్చిన ఇంగ్లీషులో రాసింది. నేను ఐదో క్లాసులో బెంచీ మీద పాస్ ఔట్ అయినాను అని రాసింది. మూడోదానికి పెన్ను ఎత్తేసరికి అక్షరాలు పక్కకు జరిగినాయి. చెవుల్లో హోరు. సరిగ్గా ఆనాటి మాదిరే, ఆ ఎక్కం మధ్యలో మాదిరే, ఒళ్ళు గోడ లేని పక్కకు ఒరిగింది.

బెంచీ ఆ పక్క కాళ్ళు రెండూ మెల్లగా పైకెత్తింది. కొత్తగా ఆముదం పూసిన కీళ్ళు చప్పుడు చేయలేదు. తాయమ్మ భుజం పోయి చల్లని గోడకు ఆనింది. ఆమెను అట్లే గోడకు ఆనించి పట్టుకొని, కండ్ల ముందరి చీకటి తెరిపి ఇచ్చేదాకా అది అలాగే నిలబడింది. సారు నీళ్ళు తెచ్చి ఇచ్చినాడు. ఆమె తాగింది. బెంచీ కాళ్ళు దించింది. తాయమ్మ పెన్ను తీసుకొని మూడో వాక్యం రాసి, చుక్క పెట్టింది.

బెల్లు కొట్టినారు. పేపరు ఇచ్చేసి వాకిలి దాకా వచ్చి ఆగింది. వెనక చప్పుడు లేదు. తిరిగి చూసింది. బెంచీ గోడ వార, మిగిలిన బెంచీల వరసలో, నెత్తిన చాక్‌పీసు నంబరుతో నిలబడి ఉంది. "రా," అని మెల్లగా పిలిచింది. అది కదల్లేదు. తాయమ్మ వెనక్కి పోయి, ఇంకు గుంతలో నుంచి పిన్నీసులు ఏరుకొని, కొంగుతో బల్ల మీది దుమ్ము ఒకసారి తుడిచి, బయటికి వచ్చేసింది.

బస్సులో కండక్టరు వెనక తలుపు తెరిచి పట్టుకొని కాసేపు చూసి, మూసేసినాడు. సందులోకి వస్తే కుక్కలు గుర్తుపట్టక మొరిగినాయి.

అరుగు మీద వెంకటరమణప్ప తల వంచుకొని చెవి రిక్కించి ఉన్నాడు. ఒక్క మనిషి అడుగుల చప్పుడే వచ్చేసరికి తల ఎత్తినాడు. కూతుర్ని చూసినాడు. ఆమె వెనక ఖాళీగా ఉన్న సందును శానా సేపు చూసినాడు. గోడ పట్టుకొని, దగ్గుకొంటా లేచి, గడపకు అడ్డంగా నిలబడినాడు.

తాయమ్మ గడప ముందర ఆగింది. సంచి కింద పెట్టి, రెండు చేతులూ పైకి ఎత్తింది.

ముసలాయన ఆమె భుజాలు తడిమినాడు, మోచేతులు తడిమినాడు.

"ఆ పొద్దు ఆ మాట నేను శానా ముందరే చెప్పేస్తినమ్మా," అన్నాడు. "మీయమ్మ పోయేటప్పుడు నిజం నాతో అనింది. సరిచేసే దారి తెలియక, ఆ మాటే అందరికీ చెప్పుకొంటా వచ్చినాను."

ఆమె చేతులు దించలేదు. గేటు దగ్గర మాట వచ్చేదాకా ఎవరూ దించరు.

వెంకటరమణప్ప గొంతు సవరించుకొని, ఆమె భుజం తట్టినాడు.

"పాస్ ఔట్," అని గడప మీది నుంచి పక్కకు జరిగినాడు.