పెరట్లో రాతిబల్ల

మధ్యాహ్నం దాటేసరికి గోరి నెత్తిమీద అది పదిహేడో తట్ట. కిన్నెరసాని వాగు ఒడ్డున పారతో చదరంగా కోసిన గరిక పలకలు, వేళ్ళకింద రెండంగుళాల తడిమట్టితో సహా, తట్టకు నాలుగే పట్టేవి. మట్టినీళ్ళు కణతల మీదుగా కారి రవికెలోకి దిగుతున్నాయి. వాగు నుంచి వెంకటప్పయ్య పెరటికి అరమైలు. మే నెల ఎండకు రోడ్డుమీద తారు మెత్తబడింది. కాళ్ళకు చెప్పులు లేక ఆమె రోడ్డుపక్క దుమ్ములో నడిచింది. అదీ కాలుతూనే ఉంది.

వసారాలో విసనకర్రతో కూర్చున్న వెంకటప్పయ్య భార్య సీతారావమ్మ తట్ట దించకముందే మాట అందుకుంది.

"ఏమే గోరీ, ఆ మధ్యన సందులు కనపడుతున్నాయి. దగ్గరగా పేర్చు. కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని రారు."

"నాలుగు దినాలు నీళ్ళు పడితె కలిసిపోతదమ్మా."

"నాలుగు రోజులెక్కడివే? ఎల్లుండే ఆదివారం."

గోరి మోకాళ్ళమీద కూర్చుని పలకలు పేర్చడం మొదలుపెట్టింది.

వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి బూర్గంపాడు వచ్చి పద్నాలుగేళ్ళయింది. మిరప వేశాడు, పొగాకు వేశాడు, ఇల్లు కట్టాడు. ఇల్లు నిలబడిన అరెకరం మాత్రం కాగితాల్లో ఇప్పటికీ గోరి మొగుడు జంపయ్యదే. ఏజెన్సీలో కోయవాళ్ళ భూమి బయటివాళ్ళ పేరున ఎక్కదు. ఎక్కకపోయినా ఉండటానికి అడ్డం లేదని వెంకటప్పయ్యకు వచ్చిన ఏడాదే తెలిసింది. ఆ అరెకరానికి రెండు బస్తాల జొన్నలూ, ఒక దుప్పటీ ఇచ్చాడు. జంపయ్యను పాలేరుగా పెట్టుకున్నాడు. ఆ పాలేరు ఈ ఇంటి బావి తవ్వుతుండగానే ఒడ్డు విరిగి మీద పడి చచ్చిపోయాడు.

గూడెం నుంచి జంపయ్య అన్నదమ్ములు వచ్చి చచ్చినవాళ్ళకు వేసే ఆనవాయితీ ప్రకారం పెరటి మూలన అతనికి రాయి వేశారు. నాలుగు చిన్నరాళ్ళు నిలబెట్టి, వాటిమీద వెడల్పాటి పలకరాయి పరిచి, పక్కన పాతిన కర్రకు ఆవుతోక కట్టారు. దాని పక్కనే గుడిసె వేసుకుని గోరి పదేళ్ళుగా ఉంటోంది. ప్రతి ఏటా కొత్త పంట తినేముందు ఆ రాయిమీద ఒక పిడికెడు పెట్టాకే తను ముద్ద నోట పెట్టేది.

పిల్లలు గుంటూరులో చదువుతున్నారు గనక వెంకటప్పయ్య ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదామనుకున్నాడు. ఉన్నది ఉన్నట్టుగా లక్షా నలభై వేలకు అడిగారు. పెరడు తోటలా ఉంటే లక్షా అరవై పలుకుతుందని బ్రోకరు చెప్పాడు. ఇరవై వేలు రావాలంటే ఎంత పెట్టొచ్చు? పది రోజుల కిందట ఆ లెక్క తేల్చడానికే మొక్కలమ్మే అబ్దుల్ సత్తార్‌ని పిలిపించాడు.

"లాన్‌కి, క్రోటన్లకి, ఎదురు బద్దల కంచెకి, బెంచీలకి, మొత్తం ఆరువేలైతది సార్," అన్నాడు సత్తార్.

"ఆరువేలా! గడ్డి పాతమన్నానా, బంగారం పాతమన్నానా?"

"ఖమ్మంల అడుగుండ్రి సార్. గడ్డికే రెండువేలు చెప్తరు."

"గడ్డి వాగు ఒడ్డున ఉంది. మొయ్యటానికి గోరి ఉంది. అది కొట్టెయ్. ఇంకా ఏముంది?"

"సిమెంటు బెంచీలు రెండు. తొమ్మిది వందలు."

వెంకటప్పయ్య పెరడంతా ఒకసారి చూసి, మూలకు వేలు చూపించాడు. "బెంచీ ఎందుకయ్యా? అదుగో, అక్కడుందిగా."

సత్తార్ అటు చూసి గడ్డం గోక్కున్నాడు. "అది సమాధి గద సార్."

"రాయి. ఆ తోకా, కర్రా తీసేస్తే ఇంకేముంది? చుట్టూ పచ్చగా గడ్డి, మధ్యన రాతిబల్ల. నీ సిమెంటుకన్నా దర్జాగా ఉంటుంది."

"మా కబరస్తాన్ల ఎవడన్నా గిట్ల కూసుంటె ఊకుంటమా సార్?"

"అది మీ కబరస్తాన్. ఇది మా పెరడు. నీకు పని కావాలా, వద్దా?"

సత్తార్‌కు ఆ వేసవిలో దొరికిన మొదటి పెద్ద పని అది. కాసేపు చెప్పుతో నేల గీకాడు. "క్రోటన్లు రేపు జల్దీ దింపుత సార్," అన్నాడు.

లెక్క మూడువేల వందకు దిగింది.

ఆ సాయంత్రమే వెంకటప్పయ్య గోరిని పిలిచాడు. గొంతు మెత్తగా పెట్టాడు.

"ఇల్లు అమ్ముతున్నానే. కొనేవాళ్ళు ఆ రాయి పీకి పారేయమంటున్నారు. నేనే ఒప్పుకోలేదు."

గోరి ముఖం నల్లబడింది. "పీకుడు గూడదు దొరా. రాయి కదిలితె మనిషికి జాగ ఉండదు. తిరుగుతనే ఉంటడు."

"అందుకే చెబుతున్నా. రాయి కదలకుండా చూసే పూచీ నాది. ఆ కర్ర మాత్రం తీసెయ్. గుడిసె గొడ్లచావిడి వెనక్కి మార్చుకో. గడ్డి పని నువ్వే చెయ్యి. బయట కూలి పన్నెండు రూపాయలు ఇస్తున్నారుగానీ, నేను ఎనిమిదే ఇవ్వగలను. సరేనా?"

"రాయి మీద చెయ్యి ఎయ్యనియ్యవు గద?"

"మా అమ్మ తోడు. వేలు పెట్టనివ్వను."

"అట్లయితె నువ్వు ఏం జెప్తె అది జేస్త."

మర్నాడు ఆమె తన గుడిసె తనే విప్పుకుంది. ఆవుతోకను పాత చీరముక్కలో చుట్టి చావిడి చూరులో దోపింది. అన్నిటికన్నా చిక్కని గరిక ఏరి రాయి చుట్టూ పరిచింది. ఆదివారం పొద్దున కొబ్బరిపీచుతో రాయి రుద్ది కడిగింది. "ఎవరొచ్చినా నీ జాగ నీదే," అని దానితో మెల్లగా చెప్పింది. సీతారావమ్మ అది చూసి, "బాగా కడుగుతోంది, పాపం," అని లోపలికి వెళ్ళి కప్పులు తీసింది.

పదిగంటలకు జీపు వచ్చింది. కాగితం మిల్లుకు వెదురు తోలించే కాంట్రాక్టరు వెంకటరామారావు, అతని భార్య ప్రమీలారాణి దిగారు. ఆయన గోడలు తట్టి చూశాడు. బావిలోకి తొంగి చూశాడు.

"పట్టా ఎవరి పేరునుంది?"

"మా పాలేరుదేనండీ. చచ్చిపోయాడు. పెళ్ళాం ఉంది, తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తుంది. మెతక మనిషి. అడిగిన మాటకు ఎదురు చెప్పి ఎరగదు," అన్నాడు వెంకటప్పయ్య. గోరి అమ్మినట్టు కాగితం రాయించి, సిరాపెట్టె తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ప్రమీలారాణి అప్పటికే పెరట్లోకి నడిచింది. "అబ్బ, ఎంత పచ్చగా ఉందండీ! మిల్లు ఆఫీసర్లను సాయంత్రం పూట పిలిస్తే ఇక్కడే కూర్చోబెట్టొచ్చు." అంటూ వెళ్ళి రాయిమీద కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్ళు పైకి ముడుచుకుంది.

గోరి అప్పుడే టీ పళ్ళెంతో వంటింటి గడప దాటింది. అక్కడే ఆగిపోయింది.

"ఇయ్యవే, ఆవిడకియ్యి," అంది వెనక నుంచి సీతారావమ్మ.

వెంకటప్పయ్య కాగితంతో వచ్చి, సిరాపెట్టె రాయి చివర పెట్టి, కప్పు తనే అందించాడు. ప్రమీలారాణి రెండు గుక్కలు తాగి కప్పును రాయిమీద ఆనించింది. తీసినప్పుడు అక్కడ గుండ్రంగా మరక పడింది.

"చల్లగా భలే ఉంది. దీనికి జతగా ఇంకోటి ఉంటే బాగుండేది."

"గూడెం వెనక ఇలాంటివి బోలెడున్నాయమ్మా. ఎవరూ వాడనివే. ట్రాక్టరు పంపి నాలుగు తెప్పిస్తాను. పైసా అక్కర్లేదు. గోరి చూపిస్తుంది," అన్నాడు వెంకటప్పయ్య.

గోరి పళ్ళెం కింద పెట్టింది. నడిచి వచ్చి ప్రమీలారాణి ముందు నిలబడింది.

"లేవమ్మా."

"ఏంటి?"

"లేవు. ఆడ మావోడున్నడు."

ప్రమీలారాణి నవ్వి, తన వెనక్కి చూసుకుంది. "ఎవరున్నారు?"

"పిచ్చిదమ్మా, పట్టించుకోకండి," అన్నాడు వెంకటప్పయ్య. గోరి దగ్గరకు వంగి గొంతు తగ్గించాడు. "రాయి కదిలించానా? మాట తప్పానా? ఏడుపు తర్వాత ఏడువు. ముందు వేలు ఇటివ్వు. కూలి పన్నెండు చేసి ఇస్తాను."

సిరాపెట్టె మూత తీసి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. గోరి చెయ్యి లాక్కుంది.

"ఎయ్య."

"ఏమన్నావ్?"

ఆమె మళ్ళీ చెప్పలేదు. రాయి పక్కనే మోకాళ్ళమీద కూర్చుంది. తను అన్నిటికన్నా జాగ్రత్తగా పరిచిన గరిక పలక అంచున రెండు చేతుల వేళ్ళూ దించింది. బొటనవేళ్ళు మట్టిలోకి పూర్తిగా దిగాయి. ఇంకా నాటుకోని గరిక చిన్న చప్పుడుతో లేచి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి రెండో పలక పట్టుకుంది.

ప్రమీలారాణి కాళ్ళు కిందికి దించింది. మొగుడివైపు, తర్వాత వెంకటప్పయ్య వైపు చూసింది.

"ఎవరండీ ఈమె?"

కాంట్రాక్టరు వెంకటప్పయ్య చేతిలోని తెల్లకాగితం వైపు చూశాడు. మూడో పలక కూడా లేచింది. కింద నల్లటి తడిమట్టి మీద ఎండ పడుతోంది.