సున్నా చుట్టిన ఏరు

మా కళ్లెదుటే మా ఏటికి సున్నా చుట్టారు.

మా ఎవాసో ఏటి ఎండిపోయిన ఇసుకలో కుర్చీలు వేయించుకుని, ఇంజనీరు వెరూ రాబోయే ఇరవై ఏళ్ల నీటి అంచనా చదివాడు. ఎగువన పూల కంపెనీకి ఇంత, పట్నానికి ఇంత, పశువులు కాచుకునే మా సంబూరు జనం పల్లెలకు సున్నా. అంచనా అని వాడన్నాడు, వంచన అని మాకు వినిపించింది. ఆ లెక్క చూపించే ఎగువన ఆనకట్ట కడతారట. కడితే ఇసుక కింద తడి కూడా మిగలదు. మందలు చస్తాయి, వెనకాలే మేమూ.

"మాకు సున్నా ఏంది సార్?" అన్నాడు మాలోని లెటివా.

"ఇక్కడ ఏరు పారట్లేదు. పారనిచోట వాడకం రాయం."

"చెలమలు తవ్వి తోడుకుంటున్నాం గదా. నువ్విప్పుడు తాగిన నీళ్లు ఎక్కడివనుకున్నావ్, మీ అత్తగారు పంపిందా?"

జనం నవ్వారు. వెరూ గ్లాసు కింద పెట్టాడు. "చెలమలు లెక్కలోకి రావు."

"పైన పంపులు పెట్టి పీల్చేది మీరే, పారట్లేదని రాసేదీ మీరే," అంది లెటివా భార్య నైసులా.

కంపెనీకి పంపులు, మాకు పంపకమే లేదు. పూలు పెంచేవాళ్లకి మేం ఫూల్స్‌లా కనబడ్డాం.

వెరూ జీపెక్కాక, లెటివాకి బావ వరసయ్యే లెంగేస్ అన్నాడు, "దరఖాస్తు పెడదాం."

"లెక్కలో లేనోళ్ల దరఖాస్తు ఎవడు చదువుతాడు బావా? మందల్తో కంపెనీ కాలవకే పోదాం," అన్నాడు లెటివా.

"నా చెలమ పక్కనే చెలమ తవ్వి నా నీళ్లు లాగినోడివి. నీ వెంట నేను రావాలా?"

"నా మొహం చూడకు. నీ ఆవుల డొక్కలు చూసి రా."

వచ్చాడు, తిట్టుకుంటూనే. అందరం కదిలాం. కంపెనీ కంచె కత్తిరించాం.

మాలో ప్రతి ఇంటికీ నీళ్లపాట ఒకటుంటుంది. అది వింటేనే ఆ ఇంటి మంద నీళ్లకు దిగుతుంది. ఒకరి పాట మరొకరు పాడితే మందను దొంగిలించినంత తప్పు. లెటివా కాలవలో నడుంలోతు దిగి పాట ఎత్తుకున్నాడు. పోలీసులు వచ్చి మూతి మీద కొట్టారు, నెత్తురు కారుతుంటే ఈడ్చుకెళ్లి బండిలో పడేశారు. పాట ఆగింది. గట్టు మీద అతని మంద ఆగింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "పాటగాడు పోయాడుగా. తోలుకుపోండి."

లెంగేస్ కర్ర పారేసి కాలవలోకి దిగాడు. నైసులా వైపు చూశాడు. ఆమె తలూపింది.

"నీ మొగుడి పాట దరిద్రంగా ఉంటదమ్మా," అని గొణిగి, అదే పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, లయ లేదు. లెటివా ఆవులు చెవులు రిక్కించి గట్టు దిగాయి.

పోలీసులు లెంగేస్ మీదికి ఉరికారు. అప్పటికి మేమందరం కాలవలో ఉన్నాం, అదే పాట పాడుతూ.