విత్తనానికి వదిలిన కాయ

వంకాయ ఆకుల అడుగున దాక్కున్న పురుగుల్ని బొటనవేలితో నులిమి, సీతాలు నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. రెండు వరసలు అయ్యాయి, ఇంకా మూడున్నాయి. ఆ వేలి గోరు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, ఎంత తోమినా పోదు. అరవై దగ్గరపడిన పొట్టి మనిషి. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన నేతచీర, ఎండకి కమిలి ముడతలు పడ్డ మెడ. లంజిపల్లిలో బట్టల వ్యాపారి ధర్మలింగం గారింటి పెరట్లో ఇరవై రెండేళ్లుగా ఆమెకి ఇలాగే తెల్లవారుతోంది.

ఆమెని పెట్టుకున్నది పెరడు ఊడవడానికి. ఆమె మొగుడు పైడయ్య ఆ కొట్లోనే బట్టల మూటలు మోసేవాడు. అతను పోయాక జాలిపడి ఇచ్చిన పని ఇది అని ధర్మలింగం గారు నలుగురిలోనూ చెబుతుంటారు. అప్పటికి పెరడంటే ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలూ, సున్నం పెళ్లలూ. వాటిని తట్టలతో ఎత్తిపోసి, పేడ వేసి, ఆ మట్టిని మచ్చిక చేసుకుంది సీతాలు. అది ఎవరూ జాలిపడి చేసిన పని కాదు. వేసవిలో నూతి నీళ్లు చేది తోటకూరనీ బెండనీ బతికించింది. వానల్లో పాదుల్లో నీరు నిలవకుండా కాలవలు తీసి బీర, ఆనప పాకించింది. చలికాలం చిక్కుళ్లు, వంకాయలు. గోడవార కరివేపాకు, పుదీనా, అరటి, రెండు జామచెట్లు. ఇంటికొచ్చిన వాళ్లకి ధర్మలింగం గారు పెరడంతా తిప్పి చూపించి, "మాకు బజారు కూర తెలియదండీ" అంటారు. తెలియకపోవడానికి కారణం ఎవరో మాత్రం చెప్పరు.

అన్నిట్లోకీ ఆమెకి ప్రాణం బూడిద గుమ్మడి. కొడల దగ్గర పుట్టినూళ్లో తల్లి ఇచ్చిన విత్తనం అది. తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. ఆ కాయతో పెట్టిన వడియాల వల్లే ధర్మలింగం గారి భార్య భారతీదేవికి చుట్టాలందరిలో అంత పేరు. ఏటా ఒక కాయని విత్తనానికని వదిలేసి, తొడిమకి గుడ్డపీలిక కట్టేది సీతాలు. పీలిక కట్టిన కాయ జోలికి ఎవరూ పోకూడదు, తొడిమ ఎండేదాకా తీగ మీదే ఉండాలి. ఈ సంగతి ఆ ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. కిందటేడు ఫైలిన్ తుపానుకి ఆమె గది రేకులు ఎగిరిపోయి, దాచుకున్న గింజలు నానిపోయి బూజు పట్టాయి. దక్కినవి ఏడు. ఈ వానలకి వేస్తే మొలిచినవి రెండు. నిలిచింది ఒక్క తీగ, దానికి ఒక్కటే కాయ.

మూడో వరసకి వంగబోతూ అలవాటుగా పందిరి వైపు చూసింది. కాయ లేదు. కోసిన చోట తొడిమ ఇంకా తడిగానే ఉంది.

పరుగున వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. భారతీదేవి పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది.

"అమ్మగోరూ, ఇత్తనాల కాయ ఎవులు కోసీసినారు?"

"ఏటే పొద్దున్నే ఆ కేకలు? కొత్త షోరూం ముందు దిష్టి తియ్యాలి కదా. ఇంట్లో ఉండగా బజార్లో కొనడమేటని అయ్యగారే డ్రైవరు చేత కోయించారు."

"పీలిక కట్టి ఒగ్గినాను కదమ్మా!"

"పీలిక విప్పేసే కోశాడులే."

విప్పి మరీ కోశారట! కళ్లు కనపడక కోస్తే సరిపెట్టుకోవచ్చు. చూసి, విప్పి, కోసినవాళ్లని ఏమనాలి? ముహూర్తానికి గంట టైముంది. సీతాలు చెంగుముడి విప్పుకుంటూ కూరగాయల బజారుకి పరుగెత్తింది. దొరికిన వాటిలో అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయ కొని, నెత్తిన పెట్టుకుని షోరూం ఉన్న బడా బజారు దారి పట్టింది. కాయకి కాయ ఇచ్చేస్తే సరి. దిష్టికి ఏ కాయైతేనేం?

షోరూం ముందు జనం, పూలదండలు, ఫొటోలు తీసేవాళ్లు. ధర్మలింగం గారు పట్టుపంచెలో కళకళలాడుతున్నారు. ఆయన చేతుల్లో ఆమె కాయ ఉంది. పైన బిళ్లలా కోసి లోపల కుంకుమ పోశారు, కర్పూరం కూడా పెట్టారు.

"బాబూ, ఆగండి. అది ఇత్తనానికి ఒగ్గిన కాయ. ఇదుగో, దాని కన్నా పెద్దది తెచ్చినాను. దీన్ని కొట్టండి, నా కాయ నాకిచ్చీండి."

ధర్మలింగం గారు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ముచ్చటపడే నవ్వే. అదే ఇంకా ఒళ్లు మండించేది. "ఇంటి కాయైతే మంచిదన్నారు పంతులుగారు. గింజల కోసమేనా నీ గోల? హైబ్రిడ్‌వి పాకెట్టు కొనిపెడతాను."

"ఆ కాయల గింజలేస్తే అలాటి కాయ మళ్లీ రాదు బాబూ. ఇది మా యమ్మ ఇత్తనం. ఇంకెక్కడా నేదు."

"కాస్త పక్కకి జరగమ్మా, ఫొటోలో అడ్డొస్తున్నావు" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు.

మూడుసార్లు తిప్పి కాయని రోడ్డుకేసి కొట్టారు. అది పగిలి గింజలు దూరంగా చిందాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ఆటో ఆ ముక్కల మీంచే వెళ్లిపోయింది.

సీతాలు నెత్తి మీది కాయని మెట్ల మీద దించి, రోడ్డు మధ్యకి వెళ్లి గొంతుక్కూర్చుంది. కుంకుమతో ఎర్రబడ్డ గుజ్జు లోంచి గింజలు ఒక్కొక్కటీ ఏరసాగింది. వెనకనుంచి ఇంకో ఆటోవాడు హారన్ కొట్టి, "మావుసీ, రాస్తారు ఘుంచ" అంటూ పక్కకి తప్పుకోమని ఒరియాలో అరిచాడు. ఆమె తప్పుకోలేదు.

"సీతాలూ! ముట్టుకోకే!" భారతీదేవి కెవ్వుమంది. "దిష్టి తీసింది ముట్టుకుంటారేటే ఎవరైనా?"

"దిష్టి గాదమ్మా, గుమ్మడి."

"మా మీది దిష్టంతా దాంట్లోకి పోయింది. ఆ గింజలు తెచ్చి మళ్లీ మా పెరట్లోనే పాతుతావా? వాటితో మా గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

సీతాలుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గింజలు పట్టుకున్న గుప్పిట గట్టిగా బిగుసుకుంది. ఆ పెరట్లో కాక ఆమెకి విత్తనం వెయ్యడానికి ఎక్కడుంది చోటు? ఉన్న అద్దెగదికి గుమ్మం దాటితే సిమెంటు.

"కోసినపుడు మీ ఇంటి కాయ. పగిలినాక నా నెత్తికి దిష్టి. బావుందమ్మా మీ నాయం."

ఇరవై రెండేళ్లలో ఆమె వాళ్లకి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. ధర్మలింగం గారు మంచి రోజున గొడవెందుకని మధ్యలోకి వచ్చారు. పనివాళ్లందరికీ పంచడానికి పెట్టిన చీరల్లోంచి ఒకటి తీసి, "ఏడుపు మొహం మానుకో. ఈ షాపులో మొదటి చీర నీకే" అని చేతిలో పెట్టారు. లెక్క సరిపోయిందనే అనుకున్నట్టున్నారు ఆయన. ఒక చేతిలో గింజలున్నాయి కాబట్టి సీతాలు రెండో చేత్తో అందుకుంది.

దారిలో వీధి కొళాయి దగ్గర గింజలు కడిగింది. నలిగినవి పోగా ముప్పై దాకా తేలాయి. వాటిని చెంగు చింపి మూటకట్టి, లంజిపల్లి చేరాక గేటు బయట గోడ సందులో పెట్టి అప్పుడు లోపలికి వెళ్లింది. గుమ్మం తొక్కించొద్దన్నారు, తొక్కించలేదు.

మిగిలిన మూడు వరసల పురుగులూ ఏరేసింది. మొక్కలేం పాపం చేశాయి? కోతకొచ్చిన చిక్కుళ్లు కోసి బుట్టతో వంటింటి అరుగు మీద పెట్టింది. మధ్యాహ్నం కారులో ఆమె కొన్న బజారు గుమ్మడికాయ దిగింది. పులుసులో వెయ్యమని వంటమనిషికి చెప్పారు. బజారు కూర తెలియని ఇల్లు మరి. సాయంత్రం దాకా నీళ్లు చేది పాదు పాదుకీ పెట్టింది. జామచెట్టుకి రెండు బిందెలు ఎక్కువే పోసింది. కాళ్లు కడుక్కుని గేటు దాటి, గోడ సందులోంచి మూట తీసి బొడ్లో దోపుకుంది. కొడల బస్సు ఇంకా ఉంది. అక్కడ చెల్లెలు బుల్లమ్మ గుడిసె వెనక నాలుగు పాదులకి చోటుంది. వెళ్తున్నానని సీతాలు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న కరివేపాకు కోసం భారతీదేవి రెండుసార్లు పిలిచింది. మూడోసారి తనే పెరట్లోకి వచ్చింది. పాదులన్నీ ఇంకా తడిగా ఉన్నాయి. నూతి గట్టు మీద, షోరూం పేరు అచ్చేసిన సంచిలో కొత్త చీర, గుండుసూదులు కూడా తియ్యకుండా, మంచుకి తడిసి ఉంది.