తోడల్లుడి ఎర్ర సీట్లు

నా స్పీడుబోటు చిన్నది. ఉన్నవి రెండే సీట్లు, రెండూ చిరిగి స్పాంజి బయటికొచ్చింది. మా తోడల్లుడు తన బోటుకి రేసు కార్లలో ఉండేలాంటి ఎర్ర సీట్లు వేయించిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

దుకాణంలో అవే సీట్ల ధర వినగానే గుండె గుభేలుమంది. మా ఆవిడ మూలనున్న బూడిదరంగు సీట్లో కూర్చుని చూసి, "ఇవి చవక, మెత్తగానూ ఉన్నాయి. మా చెల్లెలి మొగుడితో మీకు పోటీ ఏంటండీ?" అంది.

"వాడితో నాకు పోటీయా?" అని కసిరి, పళ్ళు నూరుకుంటూ ఆ బూడిదరంగు సీట్లే కొన్నాను.

ఆదివారం రేవులో తోడల్లుడు నడుం పట్టుకుని తన బోటు దిగాడు. "అన్నయ్యా, ఆ సీట్లు వట్టి చెక్కలు! అల తగిలినప్పుడల్లా ప్రాణం పోతోంది. ఇవాళ్టికి మీ బోటెక్కనా?"

నా కడుపు చల్లబడింది. పక్కన కూర్చోబెట్టుకుని, నా సీట్ల మెత్తదనం తెలియాలని కావాలనే స్పీడు పెంచాను.

వాడు హాయిగా వెనక్కి వాలాడు. కాసేపటికే ఇంజను మోతను మించి గుర్రు వినిపించింది.

తుంపర మొహాన కొడుతుంటే స్టీరింగు పట్టుకుని వాడి వంకే చూశాను. ఇన్నాళ్ళూ నిద్ర లేనిది నాకు. నా బోటులో, నేను కొన్న సీట్లో, నిద్రపోతున్నది వాడు!