కిటికీకి ఒక సీటు ఇవతల

నేను ఒక సీటుని. విమానం సీటునే, కానీ మీరు ఏరికోరి పెట్టుకునే సీటుని కాదు. కిటికీ పక్కదీ అయిపోయి, నడిచే దారి పక్కదీ అయిపోయి, ఇంక గతిలేక మీ నెత్తిన పడే మధ్య సీటుని. నా నంబరు ఇరవై రెండు బి. బోర్డింగ్ పాసు మీద ఆ 'బి' కనబడగానే మీ మొహం ఎలా మాడిపోతుందో నన్నడగండి. పదిహేడేళ్లు చూశాను.

మేం ముగ్గురం ఒకే రోజు, ఒకే ఫ్యాక్టరీలో పుట్టాం. ఒకే చట్రం. ఒకే దిమ్మలోంచి కోసిన స్పాంజి. ఒకే నీలం గుడ్డ, కుట్టినావిడ కూడా ఒక్కతే. ఆఖరికి కాళ్లు కూడా ముగ్గురికీ కలిపి నాలుగే. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న మాటే రాలేదు. తీసుకెళ్లి విమానంలో బిగించాక తెలిసింది తేడా. ఎడమ చివరదానికి కిటికీ దక్కింది. కుడి చివరదానికి దారి దక్కింది. నాకు వాళ్లిద్దరూ దక్కారు.

అప్పటినుంచి నేను ఒకదాన్ని కిటికీది అనీ, ఇంకోదాన్ని దారిది అనీ అంటాను. పేర్లతో పిలవడానికి నాకు మనసొప్పదు. ఆ కిటికీది ఏం పుణ్యం చేసుకుందని దానికి మబ్బులు, నదులు, పొద్దుటి ఎండ? పెళ్లయిన కొత్తలో వచ్చినవాళ్లు దాని కోసం పోట్లాడతారు. పెద్దాఫీసర్లు దాని కోసం ముందురోజే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. పొడుగు కాళ్లవాళ్లకి, సుగర్ ఉన్నవాళ్లకి, దిగంగానే పరిగెత్తాలనుకునేవాళ్లకి దారిది కావాలి. నేను ఎవరికి కావాలి? మొగుడూ పెళ్లాలు కూడబలుక్కుని ఒకరు కిటికీది, ఒకరు దారిది తీసుకుంటారు. ఎందుకయ్యా అంటే, మధ్యలో నన్ను ఎవరూ తీసుకోరని, ఖాళీగా ఉంటానని. ఉంటే నా మీద హ్యాండ్‌బ్యాగూ, చదివేసిన పేపరూ, నారింజ తొక్కలూ పడేస్తారు. నేను చెత్తబుట్టనని వాళ్ల ఉద్దేశం.

ఇక సీట్లు మార్చుకునే బేరాలు మొదలైతే చూడాలి. "కాస్త అటు మారతారా, మా ఆవిడ అక్కడుంది" అని అడిగేవాడు బదులుగా ఇవ్వజూపేది ఎప్పుడూ నన్నే. అవతలివాడు నా వంక ఒక్క చూపు చూస్తాడు. నడుం నొప్పి అంటాడు, డాక్టరు చెప్పాడంటాడు. నన్ను తప్పించుకోవడానికి మనుషులు తెచ్చుకున్న జబ్బులకి లెక్కలేదు.

ఇవన్నీ మింగుతూ మింగుతూ నాకు ఒళ్లంతా కుళ్లు పట్టింది. కిటికీదానితో మాట్లాడటం మానేశాను. పక్కపక్కనే ఉంటాం, ఒకే కుదుపుకి ఊగుతాం, మాట మాత్రం లేదు. అది ఒకటి రెండుసార్లు కిందున్న ఏదో చెరువు గురించి చెప్పబోయింది. నాకేం అక్కర్లేదన్నట్టు ఊరుకున్నాను. తర్వాత అదీ మానేసింది.

నా బెల్టు బకిల్‌కి ఒక జబ్బుండేది. అప్పుడప్పుడూ పట్టేసేది. మెకానిక్కులు నూనె వేసి పోయేవాళ్లు. ఆ జబ్బు సంగతి గుర్తుపెట్టుకోండి.

పదకొండో ఏట అనుకుంటాను, హైదరాబాదు నుంచి గన్నవరం వెళ్లే పొద్దుటి విమానంలో పరిశుద్ధరావు మాస్టారు ఎక్కారు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, మల్లెపువ్వులాంటి కాన్వాసు బూట్లు. జేబులో విజిల్ ఉందట, స్కానర్ దగ్గర దాన్ని తీయించి చూశారట. ఆయన నా నంబరు చూసుకున్నారు, నన్ను చూశారు. మొహం మాడ్చుకోలేదు. అంతకుముందెవరో నా ఎదురుగా ఉన్న జేబులో కుక్కి పోయిన కాగితాన్ని తీసి, మడతపెట్టి, తన సంచిలో వేసుకున్నారు. చేత్తో ఒకసారి నన్ను దులిపి, నిటారుగా కూర్చున్నారు. అంత మర్యాదగా నా మీద ఎవరూ కూర్చోలేదు. ఆ ఒక్క నిమిషం నాకు కిటికీదాని మీద కూడా కోపం లేదు.

ఒక్క నిమిషమే. ఆ తర్వాత ఆయన మెడ ఎడమకి తిరిగింది.

కిటికీదానిలో శేషారత్నం గారు కూర్చున్నారు. బ్యాంకులో మేనేజరు, యాభై దాటిన మనిషి. ఆవిడ కిటికీ తలుపు కిందికి లాగేసి ఉంచింది. విమానం బయల్దేరేటప్పుడు హోస్టెస్ వచ్చి తెరిపిస్తే పైట కళ్లకి అడ్డం పెట్టుకుంది. పైకి లేవగానే మళ్లీ మూసేసింది. మాస్టారు కాసేపు ఓపిక పట్టి, ఒక మాట అడగొచ్చా అన్నారు. ఆవిడ ముందుగానే చెప్పేసింది. తనకి ఎత్తంటే గుండె దడ అనీ, వేరేవాళ్లు కిటికీ దగ్గర కూర్చుంటే తెరుస్తారనీ, అందుకే మూసుకోవడానికే ఈ సీటు ముందే పెట్టించుకుంటాననీ. చూడటానికి కాదు, చూడకుండా ఉండటానికి! అలాంటి మనిషి కూడా కిటికీదాన్నే కోరుకుందంటే, నా మంట ఎంతదో మీరే ఊహించుకోండి.

అప్పుడు మాస్టారు తన సంగతి చెప్పారు. ఆయన గన్నవరం విమానాశ్రయం పక్క ఊరి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. ముప్పై ఒక్కేళ్లు ఒకే గ్రౌండు. తెల్లారి సున్నం పొడితో గీతలు గీయడం, ఆ గీతల మీద పిల్లల్ని నిలబెట్టడం. విమానాలు ఆ గ్రౌండు పక్కనుంచే, తాటిచెట్టంత ఎత్తున దిగుతాయి. పిల్లలు తలెత్తితే వరస చెడుతుంది. తాను ఎత్తితే వాళ్లూ ఎత్తుతారు. అందుకని ఇన్నేళ్లలో ఆయన ఒక్క విమానాన్ని కూడా తలెత్తి చూడలేదు.

పోయిన నెలలో రిటైరయ్యారు. శాలువా కప్పడం, దండ వేయడం అందరికీ చేసేవే. ఈయనకి స్టాఫంతా కలిసి విమానం టిక్కెట్టు తీశారు. నిన్న రైల్లో హైదరాబాదు వచ్చి, ఇవాళ విమానంలో సొంతూరికి తిరిగి వెళ్లడం. దిగడానికే ఎక్కిన మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. అసలు విషయం ఇంకోటుంది. సరిగ్గా ఆ వేళకి రెండొందల మంది పిల్లలు గ్రౌండులో వరసలు కట్టి ఏదో ఆకారంలో నిలబడతారు. ఏమిటో ఆయనకి చెప్పలేదు. స్కూలు లీడరు తనూజ అని పదో తరగతి పిల్ల, పైనుంచి చూస్తేనే తెలుస్తుంది సార్ అందట. గ్రౌండు విమానానికి ఎడమ పక్కన వస్తుందని ఆ పిల్లే వారం రోజులు చూసి చెప్పింది. టిక్కెట్టు తీసిన లెక్కల మాస్టారు ఎడమ పక్కే తీశాడు, కిటికీ దొరక్క నన్ను తీశాడు.

శేషారత్నం గారు వింటూ వింటూ మెత్తబడింది. రెండొందల మంది కదలకుండా ఎలా నిలబడతారండీ అని అడిగింది. మాస్టారు నవ్వి, ఎవరికీ చెప్పకండి, ముప్పై ఒక్కేళ్ల రహస్యం అన్నారు.

"నేను వెనక్కి తిరిగి నిలబడి, 'మూడో వరసలో ఎవరో కదిలారు' అంటానండీ. చూసి కాదు. అంతమందిలో ఎవరో ఒకరు కదలకపోరు. అందరూ నన్నే అన్నాడనుకుని బిగుసుకుంటారు. మా మాస్టారికి వీపు మీద కళ్లున్నాయంటారు పిల్లలు."

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పుకుంది. దిగబోయే ముందు తాను మధ్యలోకి వచ్చి కళ్లు మూసుకుంటుందట, ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాలట. మాస్టారు చేతులు జోడించారు.

అంటే ఈయన కూడానా? పదకొండేళ్లకి ఒక్క మనిషి నన్ను దులిపి కూర్చున్నాడు. అతన్ని కూడా అదే ఎగరేసుకుపోతుందా? దానికి ఏం తక్కువైందని? నాకు కళ్లు బైర్లు కమ్మాయి. గ్రౌండు, పిల్లలు, ముప్పై ఒక్కేళ్లు, ఏవీ నా చెవికెక్కలేదు. ఆయన బరువు నా మీదనుంచి లేచి దాని మీదికి వెళ్తుందన్న మాటొక్కటే వినబడింది.

విమానం కిందికి దిగుతోందని కెప్టెన్ చెప్పాడు. బెల్టు దీపం ఇంకా వెలగలేదు. శేషారత్నం గారు లేవడానికి సిద్ధమైంది. మాస్టారు బకిల్ లాగారు.

రాలేదు.

మళ్లీ లాగారు. రెండు చేతులతో లాగారు. హోస్టెస్ పరుగున వచ్చి తనూ ఒక పట్టు పట్టింది. నా జబ్బని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇవాళ మీతో నిజం చెబుతున్నాను. అది జబ్బు కాదు. పట్టుకున్నాను. పళ్లబిగువున పట్టుకున్నాను.

ఇంతలో దీపం వెలిగింది. ఇంక కదలడానికి లేదు సార్, దిగాక తీస్తాం అని చెప్పి హోస్టెస్ తన చోటికి వెళ్లిపోయింది. శేషారత్నం గారు తన చేత్తో తనే కిటికీ తలుపు పైకి తోసింది. సీటుకి అతుక్కుపోయి, కళ్లు గట్టిగా మూసుకుని, "మీరు చూడండి మాస్టారూ, నాకేం ఫర్వాలేదు" అంది. మాస్టారు ఎంత వంగగలరో అంత వంగారు. బెల్టు ఆపేసింది. గ్రౌండు కిందుంది. కిందికి చూడాలంటే అద్దానికి ముక్కు ఆనించాలి. నా దగ్గర్నుంచి ఆయనకి కనబడింది చారెడు ఆకాశం, ఒక తాటిచెట్టు తల, ఆ తర్వాత రన్‌వే.

చక్రాలు నేలకి తగిలాయి. మాస్టారు వెనక్కి వాలి కూర్చున్నారు. నిటారుగా కాదు.

విమానం ఆగగానే అందరూ లేచి సంచులు దింపుకుంటుంటే ఆయన ఫోను మోగింది. తనూజ. వెనక పిల్లల కేకలు నాక్కూడా వినబడ్డాయి.

"సార్, కనబడ్డామా సార్?"

మాస్టారు మొహం ఒకసారి తుడుచుకున్నారు. "కనబడ్డారమ్మా."

"ఎలా ఉంది సార్?"

"బానే నిలబడ్డారు. మూడో వరసలో ఎవరో కదిలారు."

అవతల మాట ఆగిపోయింది. కేకలు కూడా ఆగిపోయాయి. ఫోను కట్టయిందేమో అని ఆయన ఒకసారి చూసుకున్నారు కూడా. అప్పుడు ఆ పిల్ల మెల్లగా అంది.

"నేనే సార్. సారీ సార్."

"సర్లే. ఎండలో ఉండకండి, లోపలికి వెళ్లండి. నేను వస్తున్నా."

శేషారత్నం గారు మొహం అటు తిప్పేసుకుంది. మొదట్లోనే ఇచ్చేయాల్సింది అని గొణుక్కుంది. మాస్టారు బకిల్ మీద వేలు పెట్టారు. ఒక్క వేలికి, ఊరికే ఊడిపోయింది. ఆయన దానివంక ఒక్క క్షణం చూశారు. లేచాక నన్ను మళ్లీ ఒకసారి చేత్తో దులిపి వెళ్లిపోయారు.

హోస్టెస్ ఫిర్యాదు రాసింది. మెకానిక్ వచ్చి నా బకిల్‌ని పదిసార్లు పెట్టి పదిసార్లు తీశాడు. పదిసార్లూ వచ్చింది. పుస్తకంలో 'లోపం ఏమీ లేదు' అని రాసుకుని పోయాడు. ఆ రోజునుంచి నేను ఎవరినీ పట్టుకోలేదు. పట్టుకోను కూడా.

సిగ్గుపడ్డానని కుళ్లు పోయిందనుకునేరు. ఇంకా పెరిగింది. ఆ పిల్లలు ఏ ఆకారంలో నిలబడ్డారో చూసింది కిటికీది ఒక్కతే. తెలుసుకోవాలని నాకు ప్రాణం లాగేసేది. అయినా దాన్ని అడగడమా? ఆరేళ్లు నోరు కుట్టేసుకున్నాను.

తర్వాత విమానం ముసలిదైపోయింది. దాన్ని విప్పేశారు. మా ముగ్గుర్నీ ఒక పాత సామాన్లవాడు కొన్నాడు, వాడి దగ్గర్నుంచి శంషాబాదు దగ్గర బైకులు బాగుచేసే జగ్గయ్య కొన్నాడు. షెడ్డులో గోడవారగా వేశాడు, బండి ఇచ్చినవాళ్లు కూర్చోవడానికి. ఇప్పుడు కిటికీదానికి కిటికీ లేదు, ఎదురుగా టైర్లు వేలాడేసిన గోడ. దారిదానికి దారి లేదు, పక్కన ఆయిలు డబ్బాలు. ఫ్యాను మాత్రం సరిగ్గా నా నెత్తిమీద తిరుగుతుంది. వచ్చినవాళ్లందరూ ముందు నన్నే చూసుకుంటారు. ఇద్దరొస్తే నా కోసం తోసుకుంటారు కూడా. అబద్ధమెందుకు, బాగుంది.

ఒక మధ్యాహ్నం కిటికీది, ఇన్నేళ్ల తర్వాత, తనంతట తనే పలికింది. "నీకేమే, ఫ్యానంతా నీదే" అంది. ఆ గొంతులో ఉన్నది నాకు బాగా తెలుసు, పదిహేడేళ్లు అది నా గొంతే. నవ్వొచ్చింది. ఆ నవ్వులో అడిగేశాను. ఆ రోజు గ్రౌండులో పిల్లలు ఏమని నిలబడ్డారే అని. మూడో వరసలో ఆ తనూజ ఎంత కదిలిందే అని.

"వరసలెక్కడివి? విమానం కనబడగానే అందరూ చేతులూపుకుంటూ దాని వెంట పరుగు. నేల మీద సున్నం గీతలున్నాయి, వాటి మీద ఒక్క పిల్ల లేదు. గీతలు కూడా తొక్కేశారు, ఏం రాశారో తెలీలేదు."

అప్పుడు అర్థమైంది నాకు, ఫోను అవతల ఆ నిశ్శబ్దం ఏమిటో. మూడో వరసలో ఎవరో కదిలారని ఆయన అన్నప్పుడే ఆ పిల్లకి తెలిసిపోయింది, సారు ఏమీ చూడలేదని. తెలిసి, నేనే సార్ అంది. రెండొందల మంది కదిలితే తప్పంతా తన మీద వేసుకుని, ఆయన చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టింది. ఆయన పిల్లల కోసం చూశానన్నారు, పిల్ల ఆయన కోసం కదిలానంది. మధ్యలో ఉన్నదాన్ని నేనే.

ఇప్పుడు రోజూ షెడ్డు తలుపు వేసే ముందు కిటికీదాన్ని అడుగుతాను, అందరూ పరిగెత్తారా అని. అందరూ, అంటుంది. చేతులూపారా అంటాను. ఊపారంటుంది. విసుక్కోదు. చూసింది అదీ, వినేది నేనూ కాబట్టి, ఇప్పటికీ కాస్త కుళ్లుగానే ఉంటుంది.