పెద్దాయన వాచీకి ఏ అద్దం

పెద్దాయన తన చేతి వాచీ విప్పి మా కొట్టు బల్ల మీద పెట్టారు. మా ఆయనకు వాచీల పని నేర్పిన గురువు ఆయన. మా ఆయన పోయాక కొట్టులో మా అమ్మాయి కూర్చుంటోంది. పెద్దాయన ఈమధ్యే తన కొట్టు మూసేశారు. ఆయన్ని నమ్ముకున్న పాత వాచీలవాళ్లను మా వైపు పంపితే సరి, లేకపోతే మా అమ్మాయి ఈ కొట్టుకు తాళం వేసి, ఎక్కడో దూరాన కంపెనీ పనిలో చేరాలి. ఊరు విడిచి వెళ్లేవాళ్లకు వీధి చివర నిలబడి చెయ్యి ఊపడం ఇక నావల్ల కాదు. ఇప్పటికే చాలామందికి ఊపాను.

"గాజు పగిలింది. ఈసారి ఏది వెయ్యాలో నువ్వే చూసుకో పిల్లా. రేపొస్తా. ఎందుకు వేశావో చెప్పాలి మరి," అన్నారు. నావైపు తిరిగి, "కోడలా, నువ్వు జవాబు అందించకూడదు," అని నవ్వారు.

"ఎలా పగిలింది తాతగారూ?"

"పగిలింది. అంతే."

ఆయన మెట్లు దిగారో లేదో నేను మొదలుపెట్టాను. చేతికి దొరికిన కాగితమల్లా చదివే అలవాటు నాది. "సఫైర్ అద్దం వెయ్యవే. వజ్రం తర్వాత అదే గట్టిదట. గీత పడదట. గురువుగారికి తక్కువది వేస్తే ఏం బాగుంటుంది?"

"అమ్మా, ఇలా చూడు." వాచీ అంచును దీపం కిందికి తిప్పింది. చుట్టూ సొట్టలు. కొన్ని ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. "ఒక్కసారి పడింది కాదిది. పట్టీ విప్పడానికి ఎంతసేపు తంటాలు పడ్డారో చూశావుగా. చేతులు వణుకుతున్నాయి. సఫైర్ గీతకు లొంగదు గానీ, గచ్చు మీద పడితే ముక్కలైపోతుంది. ఆ ముక్కలు లోపలి ముళ్లను, చక్రాలను పాడుచేస్తాయి. గాజూ అంతే. ప్లాస్టిక్ అయితే గీతలు పడతాయి, కానీ అంత తొందరగా పగలదు."

"ప్లాస్టిక్కా!" అని బుగ్గలు నొక్కుకున్నాను. అద్దాన్ని పంటికి తాకించి అదేమిటో చెప్పేవాడు మా ఆయన. నావి కట్టుడు పళ్లు. నాకు అన్నీ ఒకటే. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు పెద్దాయన వచ్చి, కొత్త అద్దాన్ని గోటితో తట్టారు. మెత్తని చప్పుడు.

"ప్లాస్టిక్. ఎందుకూ?"

నేను అమ్మాయి వంక చూశాను.

"ఈ వాచీ అంచు చేసిందే దానికోసం తాతగారూ. ప్లాస్టిక్‌ను కాస్త నొక్కి కూర్చోబెడితే తనంతట తనే బిగుసుకుంటుంది. మిగతావాటికి జిగురే దిక్కు. పైగా ముళ్లు ఎత్తుగా ఉన్నాయి, ఉబ్బుగా ఉండే అద్దం కావాలి."

"గీతలు పడవూ?"

"పడితే తీసుకురండి. పేస్టు పెట్టి రుద్దడానికి మా అమ్మ ఖాళీగానే ఉంది."

"ఇంకేమీ కారణం లేదా?"

మా అమ్మాయి ఆయన కళ్లలోకి చూసింది. "లేదు తాతగారూ. అంతే."

పెద్దాయన జేబులోంచి పంజాలాంటి పనిముట్టు తీసి బల్ల మీద పెట్టారు. ప్లాస్టిక్ అద్దాన్ని చుట్టూ పట్టి బిగించేది అది. మా ఆయన దానికోసం ఎన్నిసార్లు ఆయన కొట్టుకు పరుగెత్తాడో.

"దీన్ని తిప్పుదామంటే నా వేళ్లు మాట వినడం లేదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, గడుగ్గాయివి. అద్దాలు వెయ్యడం మీ నాన్నకు నేను నేర్పాను. ఇది మాత్రం ఎవరో నేర్పితే వచ్చేది కాదు. నా పాత వాచీలవాళ్లందర్నీ ఇటే పంపుతాను. ఇది నువ్వే ఉంచుకో."

ఆయన వాచీ పట్టీ పెట్టుకోబోయారు. కొస దొరకడం లేదు. సాయం చేద్దామని నేను లేవబోతుంటే, అమ్మాయి బల్ల కింద నా చెయ్యి పట్టుకుని ఆపింది. తను తల వంచుకుని పనిముట్టును గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. పట్టీ బిగిసేదాకా తల ఎత్తలేదు.

ఆయన వెళ్లాక పక్క కొట్టు టైలరు తొంగిచూశాడు. "ఏం పిన్నిగారూ, పెద్దాయన వాచీకి మీ అమ్మాయి ఏం అద్దం వేసింది?"

"ప్లాస్టిక్ నాయనా!" అన్నాను, వీధంతా వినబడేలా.