రిమోట్ కొనడానికి పోయిన రోజు

చౌడక్క పని మగ్గానికి కండెలు చుట్టడం. కుడిచేత్తో రాట్నం తిప్పాలి, ఎడమచేత్తో పట్టుపోగు పట్టాలి. టీవీలో ఏం రావాలో మాత్రం మగ్గం గుంటలో కూర్చున్న మొగుడు ఆదెప్ప చెప్పాలి. రిమోట్ ఎప్పుడూ అతని తొడ పక్కనే. పాటలు పెడతావా అని అడిగితే, "నేసేది నేను. నువ్వు చుట్టేదే కదా" అంటాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట. చీర బజారుకు పోతే అది ఆదెప్ప నేసిన చీర. ఆమె కండె చుట్టకపోతే మగ్గంలో నాడె కదలదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ బయటికి అనలేదు.

ఆ రిమోట్ కిందపడి పగిలింది. కొత్తది కొనడానికి ఇద్దరూ ధర్మవరం బజారులో టీవీల అంగడికి పోయారు. తాడిమర్రి నుంచి వచ్చి అక్కడ పనిచేసే హేమలత ఒక నల్లటి పెట్టె చూపించింది.

"రిమోట్ ఎందుకన్నా? ఈ గేమ్ పెట్టె టీవీకి తగిలిస్తే నోటితో చెప్పినట్ల మారుస్తాది."

ఆదెప్ప నవ్వాడు. "ఆటల పెట్టెతో మాకేం పని పాపా? మేమేమన్నా కాలేజీ పిల్లోళ్లమా?"

"ముందర వాళ్లే కొంటాండిరి. ఇట్ల మాట వినే పెట్టె వచ్చినాక ఇండ్లలో ఆడోళ్లూ అడుగుతాండారు. పోయిన వారం పెనుకొండ టైలరమ్మ తీసుకపోయె. చేతులు ఖాళీ లేనోళ్లకు బాగుంటాదన్నా."

చేతులు ఖాళీ లేనోళ్లు. చౌడక్క మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్లలో తన పని గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఈ పిల్ల తన చేతులు చూసి చెప్పిందేమో.

"నువ్వు చెప్పి చూడక్కా."

చౌడక్క పెట్టె వైపు వంగింది. "ఏమప్పా, తీరికైతే కొంచెం పాత పాటలు పెడతావా?"

"దానికీ దండం పెట్టుకో" అన్నాడు ఆదెప్ప.

హేమలత నవ్వలేదు. "అట్ల అడగొద్దక్కా. పాత పాటలు పెట్టు, అను. అంతే."

పెట్టు. చౌడక్క నోరు తిరగలేదు. అత్త బతికున్నప్పుడూ, పోయినాకా, ఆ ఇంట్లో ఆమె మాటలన్నీ పెడతావా, ఇస్తావా, పోయి రానా. గొంతు సవరించుకుంది.

"పాత పాటలు పెట్టు."

పెట్టింది. ఎందుకని అడగలేదు. నేసేదెవరని అడగలేదు. మంచి పెట్టె అనుకుంది చౌడక్క. దాన్ని చూపించిన పిల్ల ఇంకా మంచిది.

"ఇదే తీసుకుందాం" అంది.

"పాటల కోసరం ఆటల పెట్టె కొంటారా ఎవరన్నా? ఆట యాడ వచ్చు నీకు?"

అది నిజమే. పెట్టె పక్కనున్న మీటల ఆటపిడిని చౌడక్క చేతిలోకి తీసుకుంది. "ఆట కూడా నోటితోనేనా పాపా?"

"లేదక్కా. ఆటకు రెండు చేతులూ కావాల."

"ఇన్యావా? ఇంక పోదాం పా" అన్నాడు ఆదెప్ప.

చౌడక్క పిడిని కింద పెట్టలేదు. తిప్పి చూసింది, మీటలు ఒక్కొక్కటే నొక్కి చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"రోజూ సాయంత్రం ఒక గంట నేను చుట్టను" అంది. "ఆ గంట నువ్వు చుట్టు."